బిళ్ళ నంబరు 1187

ఏవండీ, ఆ రెండు గదుల ఇల్లు ఇంకా ఖాళీయేనా అంటే
ఖాళీయే, ఎండ బాగా వస్తుంది, బాల్కనీ కూడా ఉంది
అంటుంది ఆవిడ.
పేరు?
తురయ్యా.
అవతల ఏవో కాగితాలు తిరగేసిన చప్పుడు.
అయ్యో, ఇప్పుడే చూశాను,
నిన్ననే ఎవరో తీసేసుకున్నారు.

పది నిమిషాలాగి అదే నంబరుకి లీస్‌బెత్ చేస్తుంది.
ఎండ మళ్ళీ వస్తుంది. బాల్కనీ మళ్ళీ మొలుస్తుంది.
శనివారం పదకొండింటికి వచ్చి చూసుకోమంటారు.
ఫోన్ పెట్టేసి లీస్‌బెత్ నా మొహం చూడదు,
తన తప్పేమీ లేకపోయినా
మా గిన్నెలు కడగడం మొదలుపెడుతుంది.

నా దగ్గరో గళ్ళ నోటుబుక్కు ఉంది.
తేదీ, వీధి, అద్దె,
నాకు చెప్పింది, తనకు చెప్పింది.
నలభై ఒకటో పేజీలో ఒకాయన ఉన్నమాట చెప్పాడు:
నాకేం ఫర్లేదమ్మా, ఇరుగుపొరుగు ఊరుకోరు.
ఆ పేజీ మూల మడిచి పెట్టుకున్నాను.
ఎందుకో అతని మీదే కోపం తక్కువ.
కాదు, అబద్ధం. అతని మీదే ఎక్కువ.

తమ్ముడు సుఫ్యాన్‌కి ఈ బాధ లేదు,
ఉద్యోగం కాగితాల్లో వాడు స్టెఫాన్.
జీతం స్టెఫాన్‌ది, ఆకలి సుఫ్యాన్‌ది అని నవ్వుతాడు.
ఆఫీసులో ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే
ఒక్కోసారి వెనక్కి తిరగడం మర్చిపోతాడట.
నాకు చెవుడనుకుంటున్నారే అక్కా
అని ఇంకా గట్టిగా నవ్వుతాడు.
అమ్మ మాత్రం ప్రతి పండక్కీ
పక్కింటావిడకి పళ్ళెం నిండా బాదం మిఠాయి పంపుతుంది.
ఇరవై రెండేళ్ళుగా పంపుతూనే ఉంది.
పళ్ళెం శుభ్రంగా కడిగి తిరిగొస్తుంది,
ఖాళీగా.

చివరికి నోటుబుక్కు తీసుకెళ్ళి నగర కార్యాలయంలో ఇచ్చాను.
అద్దం వెనక కుర్రాడు మర్యాదస్తుడే.
చీటీ చింపి ఇచ్చాడు, ఫిర్యాదు సంఖ్య 2306.
మేమే కబురు చేస్తాం అన్నాడు.
ఇంటికొచ్చి దాన్ని బల్ల మీద విసిరికొట్టాను.
చూశావా తాతా,
పేరు పనికిరాదని నంబరిచ్చి పంపారు.

తాత లాహ్సెన్
చీటీని కళ్ళకు దూరంగా పట్టుకుని చదివాడు.
వింటర్‌స్లాగ్ బొగ్గుబాయిలో పంతొమ్మిదేళ్ళ చాకిరీ.
లేచి, మందుల డబ్బా అడుగున వెతికి
ఇత్తడి బిళ్ళొకటి తెచ్చి దాని పక్కన పెట్టాడు.
1187.
అంచులు అరిగి, గోరంత నునుపు.

నంబరుని తిట్టకు, అన్నాడు.
దిగేముందు ఇదిచ్చి దీపం తీసుకునేవాళ్ళం.
పొద్దుగూకాక కొక్కేనికి బిళ్ళ మిగిలిందంటే
ఒక మనిషి ఇంకా కిందే ఉన్నట్టు.
మా మేస్త్రీకి నేనంటే గిట్టేది కాదు,
ఒంటే, ఒంటే అని పిలిచేవాడు.
కప్పు కూలిన రాత్రి వాడే దిగాడు.
తిట్టుకుంటూనే దిగి, తిట్టుకుంటూనే తవ్వాడు.
నన్ను చూసి కాదు, నంబరు చూసి.

ఒంటె అన్నప్పుడు నువ్వేం చేశావు? అడిగాను.
తాత చాలాసేపు టీలో పుదీనా రెమ్మ తిప్పుతూ కూర్చున్నాడు.
ఏమీ చెయ్యలేదు.
అదే, ఇప్పటికీ అరగలేదు, అన్నాడు.
తర్వాత చీటీ నా వైపు జరిపాడు.
ఇదిచ్చినవాడు దిగుతాడో లేదో నాకు తెలీదు.
వాడు సైరన్ మోగించే దాకా
నువ్వెందుకు ఆగాలి?

అందుకని ప్రతి సోమవారం
తొమ్మిదింటికి వాళ్ళు తలుపులు తీయగానే ఫోన్ చేస్తాను.
తురయ్యా. అవునండీ, రెండు య-లు.
కృత్తికలని అర్థం,
మీకు అక్కర్లేకపోయినా చెబుతున్నాను.
రెండువేల మూడువందల ఆరు.
నా బిళ్ళ ఇంకా కొక్కేనికే వేలాడుతోంది,
కిందికి ఎవరైనా దిగారా?

ఏదో సంగీతం పెట్టి ఆగమంటారు.
ఆగుతాను. అదంతా నాకు కంఠతా వచ్చేసింది,
ఎక్కడ గీరుకుంటుందో కూడా తెలుసు.
పదకొండో సోమవారం
నేను నోరు తెరిచేలోపే ఆ కుర్రాడు నా పేరు పలికాడు,
తప్పుగా.
సరిదిద్దాను.